దశాంశం తర్వాత రెండో అంకె

సిరొంచ బస్టాండు వెనక
నాది డిష్ రీచార్జి దుకాణం.
నవ్వులు అమ్ముత. నెలకు మూడువందల పది.
కట్టకపోతే నవ్వు నడిమిట్లనే ఆగుతది,
నోరు తెరిచిన మొఖం మీద నీలం తెర.

రాత్రి తొమ్మిదింటి కామెడీల
ఒక చదువుకున్నోడు ఉంటడు.
లావు చష్మా, మెడ దాక బొత్తాలు,
ఆడపిల్ల కనబడితే ఉక్కపోత.
'నేనంటే ఇష్టమేనా' అని ఆమె అడిగితే
'తొంభై ఆరు పాయింట్ నాలుగు శాతం' అంటడు.
ఎవరో కనబడనోళ్లు పకపక నవ్వుతరు.
మేమూ నవ్వుతం.

అండ్లనే ఒక లెక్కల పిల్ల.
ఆఖరు ఎపిసోడ్ల ఆమె చష్మా తీసేస్తరు, జుట్టు విప్పుతరు,
అప్పుడు మిగతా అందరికి కండ్లొస్తయి,
అని నా భార్య ముందే చెప్పి పండుకుంది.

దుర్గం సమ్మయ్యకు దశాంశం అని పేరు పెట్టింది నేనే.
ప్రాణహిత ఒడ్డున నీళ్ల కొలత రాస్తడు.
గీతల కర్ర, వానకాలం గంటకోసారి.
'గంగ ఎట్లుంది సమ్మన్నా' అంటే
'మస్తుగుంది' అనడు.
'తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు ఆరు' అంటడు.
అడిగినోడు అప్పటికే పాన్ ఠేలా దాటిపోయి ఉంటడు.
మరాఠీ బడి పిల్లలకు ఆ పేరు తర్జుమా చేసే పని పడలే.
దశాంశ్!
రెండు భాషలోళ్లూ ఒక్కతీర్గ కూశిండ్రు.

మొన్న పేపర్ల పడ్డది:
ఆ వేషం కట్టేటాయనకు ఎపిసోడుకు నలభై లక్షలు.
'బడిల నాకు లెక్కలు రాకపోయేది' అని
ఫొటోల నవ్వుకుంట చెప్పిండు.
ఆయన చష్మాకు అద్దాల్లేవు.
హెచ్‌డీ ప్యాకు పెట్టుకున్నంక నాకు తెలిసింది,
లైటు పడితే మెరవదు.

సమ్మయ్యను అడిగిన, 'నవ్వుకెంత పడ్డది?'
ఒక రాత్రి కూసొని నవ్వులు లెక్కవెట్టిండు. నూటపది.
రసీదు వెనక రాసిండు:
ముప్పై ఆరు వేల మూడువందల అరవై మూడు,
పాయింట్ ఆరు మూడు, మల్ల ఆరు మూడు, మల్ల
'ఇది తెగది అన్నా' అన్నడు.
కాయిదం అయిపోయింది.
'నీ జీతంల ఎంత?'
ఠేకేదారు అతనికిచ్చేది పధ్నాలుగు వేలు.
'ఒక్క నవ్వు నాకు రెణ్ణెల్ల పద్దెనిమిది రోజులు.
ఇంచుమించు.'
ఇంచుమించు అనంగ అతన్ని వినుడు
నాకు గదే మొదలు.

పోయిన ఆషాఢంల
తొమ్మిదీ పదికి, కనబడనోళ్లు నవ్వుతుండంగనే
'లాయిట్ గేలీ' అని ఆ వాడ,
'కరెంటు పోయింది' అని ఈ వాడ.
ఇండ్ల మీది గిన్నెలన్నీ
ఆకాశం దిక్కు నోరు తెరిచి వాన తాగినయి.

సమ్మయ్య ఒడ్డున. టార్చి పండ్ల నడుమ.
కాడ విరిగిన చష్మాకు రాగితీగ.
తుడుచుడు, చూసుడు, తుడుచుడు.
ఫోన్ల చంద్రపూరుకు కేకేసి చెప్పిండు:
'నూటమూడు పాయింట్ ఏడు రెండు.'
అవుతల కొత్త పోరడు నవ్విండట,
ఆ రెండు గూడ రాయాల్నా అని.
'రాయి' అన్నడట.

తర్వాత నాకు ఫోను.
నా దుకాణం గడప ఎంత ఎత్తో నాకు తెల్వది,
అతనికి తెలుసు.
'రెండో అర చాలది. పెట్టెలు మూడో అరకు ఎక్కియ్యి.'
ఎక్కిచ్చిన, తిట్టుకుంట.

తెల్లారి చూస్తే
మూడో అరకు రెండు వేళ్ల కింద ఆగింది బురదగీత.
ఆ రెండు వేళ్ల సందుల చెయ్యి పెట్టి చూసిన.
పొడి.
దశాంశం తర్వాత రెండో అంకె అంటే
గింతుంటదా?

కరెంటు ఆరో రోజు వచ్చింది. సమ్మయ్యా వచ్చిండు,
తడి నోట్లు, మూడువందల పది.
'రా దశాంశం' అన్న. అలవాటు పోలే.
స్టూలు జరిపిన. ఇద్దరం చూసినం.
ఆమె మల్ల గదే అడిగింది.
వాడు మల్ల పాయింట్ అన్నడు.
సమ్మయ్య నవ్విండు,
కనబడనోళ్లకంటె కొంచెం ఆలిశెంగ.

చష్మా తీసి అంగితోని తుడుచుకుంట అన్నడు:
'వరదకు ముందు తొంభై ఆరు పాయింట్ నాలుగు అన్నడు గద,
ఇయ్యాల పాయింట్ ఒకటే అంటుండు.
నడిమిట్ల ఏమైందో
ఎవ్వడు అడగడేంది?'